డిస్కు నిండకముందే పక్కన పెట్టే చోటు

ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు కొత్తది కొనుక్కొచ్చి, లైనక్స్ కంప్యూటరుకు తగిలించి, అందులో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేశారనుకోండి. ఇంకా ఒక్క ఫైలు కూడా పెట్టలేదు. చోటెంతుందో చెప్పే డీఎఫ్ కమాండు కొట్టి చూస్తే మొత్తం 916 జీబీ అంటుంది, వాడుకోవడానికి ఉన్నది మాత్రం 870 జీబీ అంటుంది. డబ్బా మీద రాసిన వెయ్యి జీబీ 916 ఎలా అయిందన్నదానికి జవాబు తేలికే. కంపెనీ వెయ్యిలతో లెక్కేస్తుంది, డీఎఫ్ 1024లతో లెక్కేస్తుంది. అక్కడికే అది 931 అవుతుంది. ఏ ఫైలు ఎవరిది, ఎక్కడుంది అని రాసుకునే పట్టికలకు ఇంకో పద్నాలుగు, పదిహేను పోతుంది. మరి 916కీ 870కీ మధ్య ఉన్న 46 జీబీ సంగతేమిటి? అందులో ఎవరి ఫైళ్లూ లేవు. అయినా మన చేతికి రాదు.

ఆ 46 జీబీ గురించి, అలాగే ఫైల్ సిస్టమ్‌లు ముందుగానే పక్కన పెట్టుకునే ఇతర చోట్ల గురించి ఈ పూట మాట్లాడతాను. సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. డిస్కు నిండి ఆగిపోయిన యంత్రాలను మళ్లీ నడిపించడం అందులో తరచూ వచ్చే పని. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. డిస్కు సగం ఖాళీగా ఉన్నంతకాలం ఏ ఫైల్ సిస్టమైనా బాగానే కనిపిస్తుంది. దాన్ని రాసినవాళ్లు ఎంత జాగ్రత్తపరులో చివరి రెండు మూడు శాతంలో తెలుస్తుంది. లేని చోటును లేదని ముందే చెప్పిందా, లేక సరేనని ఒప్పుకుని తర్వాత చేతులెత్తేసిందా, చూడాల్సింది అదే.

ఈ లెక్క 1984 నాటికే ఉంది. ఆ ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ నుంచి మార్షల్ కిర్క్ మెక్యుసిక్, విలియం జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫాబ్రీ కలిసి యూనిక్స్ కోసం తాము తయారుచేసిన వేగవంతమైన ఫైల్ సిస్టమ్ గురించి ఒక పత్రం ప్రచురించారు. పాత యూనిక్స్ ఫైల్ సిస్టమ్ కొత్తగా వేసినప్పుడు సెకనుకు 175 కిలోబైట్ల దాకా అందించేదట. కొన్ని వారాలు మామూలుగా వాడేసరికి అది 30కి పడిపోయేది. ఫైళ్లు పుడుతూ పోతూ ఉంటే ఖాళీ బ్లాకులు, అంటే చోటును పంచే చిన్న చిన్న గదులు, డిస్కంతా చెదిరిపోతాయి. కొత్త ఫైలుకు ఒక ముక్క ఈ మూల, ఇంకో ముక్క ఆ మూల దొరుకుతుంది. ఆ ముక్కల వెంట తిరగడంతోనే డిస్కుకు సరిపోతుంది, చదవడానికి సమయం మిగలదు. బర్క్‌లీ వాళ్ల కొత్త పద్ధతి ఒక ఫైలు బ్లాకులన్నిటినీ దగ్గర దగ్గరగా పెట్టాలని చూసింది. అలా పెట్టాలంటే ఎంచుకోవడానికి వీలుగా ఖాళీలు ఉండాలి. అందుకని పది శాతం ఎప్పుడూ మిగిలి ఉండేలా కట్టడి పెట్టారు. ఖాళీ అంతకన్నా తగ్గితే మామూలు వాడుకరులకు ఇక బ్లాకులు ఇవ్వదు, నిర్వాహకుడికి మాత్రమే ఇస్తుంది. నిర్వాహకుడు ఆ పది శాతంలోకి చెయ్యి పెడితే, డిస్కు 100 శాతానికి మించి నిండిందని డీఎఫ్ చూపించేది. తెలియనివాళ్లు అదేదో తప్పనుకునేవారు. అది తప్పు కాదు, పక్కన పెట్టినదాన్ని తింటున్నారన్న హెచ్చరిక.

1993లో లైనక్స్ కోసం రెమీ కార్డ్ ముఖ్యుడిగా వచ్చిన ఈఎక్స్‌టీ2 ఇదే దారిలో నడిచింది. దాని మనవడే ఈఎక్స్‌టీ4. పది శాతం ఇక్కడ ఐదైంది. మనం మొదట చూసిన 46 జీబీ ఆ ఐదు శాతమే. లైనక్స్‌లో నిర్వాహకుడి ఖాతాను రూట్ అంటారు. ఆ చోటు రూట్‌ది.

రూట్‌కు ఎందుకంటే, నిండిన డిస్కు ముందు కూర్చుంటే అర్థమవుతుంది. ఏదో ప్రోగ్రాం పొరపాటున ఒకే వాక్యాన్ని లాగ్ ఫైలులో రాత్రంతా రాస్తూ పోయింది. తెల్లారేసరికి డిస్కు నిండింది. డేటాబేస్ కొత్త వరసలు తీసుకోవడం లేదు. మెయిల్ లోపలికి రావడం లేదు. ఇప్పుడు నిర్వాహకుడు లాగిన్ కావాలి. లాగినయ్యాడని రాసుకోవడానికే కొంత చోటు కావాలి. అతను నడిపే కమాండ్లు తాత్కాలిక ఫైళ్లు పెట్టుకోవాలి. ఏం జరిగిందో చెప్పాల్సిన సిస్టమ్ లాగ్ ఆ ఘడియలో రాయలేకపోతే, కారణం వెతకడానికి ఆనవాలే ఉండదు. ఐదు శాతం ఆదుకునేది అక్కడ. ఇంకో చిక్కు కూడా అక్కడే ఎదురవుతుంది. ఆ పెద్ద లాగ్ ఫైలును తీసేసినా డీఎఫ్ అంకె కదలదు. ఎందుకంటే ప్రోగ్రాం ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. పేరు పోయింది కానీ బ్లాకులు పోలేదు. ప్రోగ్రామును ఆపాలి, లేదా ఫైలును తీసేయకుండా అలాగే ఉంచి దాని పొడవును సున్నా చేయాలి.

ఈ ఏర్పాటుకు ఒక లొసుగు ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. లాగ్ రాస్తున్న ఆ ప్రోగ్రామే రూట్ అధికారంతో నడుస్తుంటే? అప్పుడు అది ఐదు శాతాన్ని కూడా నిక్షేపంగా తినేస్తుంది. దాన్ని అడ్డుకునేవాళ్లుండరు. సౌకర్యమని ప్రతి సర్వీసునూ రూట్‌గా నడిపే అలవాటున్న చోట ఈ కేటాయింపు కాగితం మీదే ఉంటుంది. ప్రతి సర్వీసుకూ విడిగా ఒక వాడుకరి ఖాతా పెట్టమని భద్రత కోసమే కాదు, ఇందుకోసం కూడా చెప్పాలి.

ఇంతవరకు చెప్పింది కంటికి కనిపించే కేటాయింపు. లోపల క్షణక్షణం జరిగే కేటాయింపు వేరే ఉంది. నాకు అత్యంత ఇష్టమైన భాగం అదే.

మీరొక ఫైలు సేవ్ చేసినప్పుడు అది వెంటనే డిస్కు మీదికి వెళ్లదు. ముందు మెమరీలో ఉంటుంది. లైనక్స్‌లో మామూలుగా ముప్పై సెకన్లు పాతబడిన రాతలను వెనకాల నడిచే ఒక పని డిస్కుకు చేరుస్తుంది. పాత ఫైల్ సిస్టమ్‌లు రాత అందగానే, ఫలానా బ్లాకు నీది అని తేల్చేసేవి. ఎస్‌జీఐ కంపెనీ తొంభైలలో తెచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎస్, తర్వాత వచ్చిన ఈఎక్స్‌టీ4 అలా చేయవు. ఏ బ్లాకో ఇప్పుడే తేల్చకుండా చివరిదాకా ఆగుతాయి. ఆగితే లాభముంది. ఈలోగా ఫైలు ఎంత పెరిగిందో తెలుస్తుంది కాబట్టి అంతా ఒకేచోట వరుసగా పెట్టొచ్చు. ఈలోగా ఆ ఫైలును తీసేస్తే, డిస్కును ముట్టుకునే పనే లేదు.

అయితే ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. రాత అందిందని ప్రోగ్రాముకు చెప్పేశాం. అది ఫైలు మూసేసి తన దారిన తాను పోయింది. అర నిమిషం తర్వాత చూస్తే డిస్కులో చోటు లేదు. ఎవరికి చెప్పాలి? వినేవాళ్లు ఎవరున్నారు? రైల్లో ఫస్ట్ ఏసీ టిక్కెట్ తీసుకున్నవాళ్లకు ఈ వ్యవహారం తెలిసిందే. టిక్కెట్ ఖాయమంటారు కానీ బోగీ, బెర్తు నంబరు చార్టు వేశాకే చెబుతారు. నంబరు ఆలస్యంగా చెప్పినా ఇబ్బంది లేదు. ఖాయం చేసిన టిక్కెట్లు ఉన్న బెర్తులకు మించకూడదు, అంతే. ఫైల్ సిస్టమ్ చేసేదీ ఇదే. రాత అందిన క్షణంలోనే ఖాళీ లెక్కలోంచి అన్ని బ్లాకులను తగ్గించుకుంటుంది. ఏ బ్లాకులన్నది తర్వాతి సంగతి. తగ్గించుకోవడానికి లేకపోతే అప్పటికప్పుడే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని తిప్పికొడుతుంది. ప్రోగ్రాం ఇంకా అక్కడే ఉంది కాబట్టి ఆ మాట దాని చెవిన పడుతుంది, వాడుకరికి చెప్పగలుగుతుంది.

వినడానికి చిన్న కూడికలూ తీసివేతలూ. చేయడం అంత చిన్న పని కాదు. నేటి సర్వర్లలో పదుల కొద్దీ సీపీయూ కోర్లు ఒకేసారి రాస్తుంటాయి. అన్నీ కలిసి ఒకే లెక్కను సవరించబోతే వరుసలో నిలబడాల్సి వస్తుంది, వేగం పోతుంది. అందుకని ప్రతి కోరూ తన చిల్లర లెక్క తన దగ్గరే పెట్టుకుని, అప్పుడప్పుడు పెద్ద లెక్కలో కలుపుతుంది. అంటే మొత్తం ఎప్పుడూ ఉజ్జాయింపే. చోటు దండిగా ఉన్నంతకాలం ఉజ్జాయింపు చాలు. ఖాళీ తగ్గేకొద్దీ ఈఎక్స్‌టీ4 తన పద్ధతి మార్చుకుంటుంది. ఖాళీ ఒక హద్దు దగ్గరికి వస్తే అన్ని కోర్ల లెక్కలనూ కూడి కచ్చితమైన అంకె తీస్తుంది. ఖాయం చేసిన బ్లాకులకు ఒకటిన్నర రెట్లు ఖాళీ లేదని తేలితే, చివరిదాకా ఆగే పద్ధతినే పక్కన పెట్టి, పాతకాలపు పద్ధతిలో ప్రతి రాతకూ అప్పటికప్పుడే బ్లాకు కేటాయిస్తుంది. నెమ్మదిస్తుంది కానీ ఒప్పుకున్న మాట తప్పదు. ఇలా రాసిన ప్రోగ్రామర్ల మీద నాకు గౌరవం.

ఇంకో మెలిక ఉంది. మీ ఫైలుకు ఒక బ్లాకు కావాలంటే, డిస్కులో ఒక్క బ్లాకు ఉంటే సరిపోదు. ఆ ఫైలు ఎక్కడెక్కడుందో రాసుకున్న పట్టికలో చోటు అయిపోతే దానికి ఇంకో బ్లాకు కావాలి. ఆ పట్టిక ఒక చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది కాబట్టి ఒక కొమ్మ రెండుగా చీలితే పైకొమ్మ కూడా చీలొచ్చు. ఎన్ని చీలతాయో ముందు తెలియదు. కాబట్టి ఎక్కువలో ఎక్కువ ఎంత పట్టొచ్చో అంతా పట్టి ఉంచి, పని అయ్యాక మిగిలింది తిరిగి ఇచ్చేయాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను తీసుకోండి. ఒరాకిల్‌లో ఉండగా క్రిస్ మేసన్ 2007లో మొదలుపెట్టింది. అందులో చెట్టుకు చేర్చే ఒక్కో చిన్న నమోదుకు పట్టి ఉంచేది 256 కిలోబైట్లు. చెట్టులో ఒక్కో బ్లాకు 16 కిలోబైట్లు, చెట్టు ఎత్తు గరిష్ఠంగా ఎనిమిది అంతస్తులు, ప్రతి అంతస్తూ చీలొచ్చు కాబట్టి దానికి రెట్టింపు. పదహారు ఎనిమిదులు నూట ఇరవై ఎనిమిది, రెండింతలైతే 256. రాసేది ఒక్క వాక్యమంత వివరమైనా సరే. దాదాపు అంతా తిరిగి వచ్చేస్తుంది, కానీ ముందు పట్టి ఉంచాల్సిందే.

ఈఎక్స్‌టీ4లో కూడా 2013 నుంచి రూట్‌కు సైతం ఇవ్వని చిన్న నిల్వ ఒకటుంది. డిస్కులో రెండు శాతం, లేదా 4096 బ్లాకులు, ఏది తక్కువైతే అది. మామూలుగా 16 మెగాబైట్లు. ఫైల్ సిస్టమ్ ఇదివరకే ఒప్పుకున్న పనిని పూర్తి చేసేటప్పుడు పట్టికల కోసం ఊహించని బ్లాకు అవసరమైతే వాడుకోవడానికి మాత్రమే దాన్ని ఉంచారు.

ఇప్పుడు అసలు గట్టి సమస్యకు వద్దాం. నిండిన డిస్కులో చోటు చేయాలంటే ఏం చేస్తాం? ఫైళ్లు తీసేస్తాం. తీసేయడానికి కూడా చోటు కావాలంటే?

బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఉన్న బ్లాకు మీద తిరగరాయవు. కరెంటు పోయినా పాత ప్రతి చెక్కుచెదరకుండా ఉండాలని, మార్చిన బ్లాకును ఎప్పుడూ కొత్తచోట రాసి, అంతా సరిగ్గా పూర్తయ్యాకే పాతదాన్ని వదులుతాయి. ఎంతో విలువైన గుణమిది. కానీ ఫైలు తీసేయడమంటే డైరెక్టరీ పట్టికను మార్చడమే కదా. మార్పు కొత్త బ్లాకులో రాయాలి. కొత్త బ్లాకు లేదు. కాబట్టి తీసేయలేం. తీసేయలేం కాబట్టి బ్లాకు రాదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ తొలి రోజుల్లో ఈ సుడిలో చిక్కుకున్నవాళ్లు ఎందరో. డీఎఫ్‌లో ఇంకా ఎన్నో జీబీలు ఖాళీ అని కనిపిస్తుంటే డిస్కు మాత్రం చోటు లేదనేది. కారణం, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిస్కును డేటాకు కొన్ని పెద్ద ముక్కలుగా, పట్టికలకు కొన్ని ముక్కలుగా విడగొట్టి ఇస్తుంది. డేటా ముక్కల్లో ఖాళీ ఉన్నా, పట్టికల ముక్కలు నిండితే బండి కదలదు. ఒక యూఎస్‌బీ డ్రైవ్‌ను తాత్కాలికంగా అదే ఫైల్ సిస్టమ్‌కు చేర్చి, ఆ కాస్త చోటుతో ముక్కలను సర్దుకుని, తర్వాత డ్రైవ్‌ను విడదీయడం ఇప్పటికీ పనికొచ్చే ఉపాయమే. ఇలాంటప్పుడు తీసివేతలకు వాడుకోవడానికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 512 మెగాబైట్ల దాకా విడిగా దాచుకుంటుంది. రాతలకు ఆ నిల్వను ఇవ్వదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంకా కచ్చితంగా వ్యవహరిస్తుంది. మొత్తంలో ముప్పై రెండో వంతు ఎవరికీ ఇవ్వదు. మామూలు రాతలు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. ఫైళ్లు తీసేయడం లాంటి పనులు మాత్రం ఆ నిల్వలో సగం దాకా వాడుకోవచ్చు. అంటే ఎంత నిండినా చోటు చేసే దారి తెరిచే ఉంటుంది. డిస్కులు పెరిగి వందల టెరాబైట్లు అయ్యేసరికి ముప్పై రెండో వంతు మరీ ఎక్కువవుతోందని, ఈమధ్య వెర్షన్లలో 128 జీబీకి మించకుండా పరిమితి పెట్టారు.

తీసేయడానికి కూడా వనరు కావాలన్న సంగతి భూమి మీదే కాదు, అంగారకుడి మీద కూడా బయటపడింది. 2004 జనవరిలో గూసెవ్ బిలంలో దిగిన నాసా రోవర్ స్పిరిట్, అదే నెల 21న ఉన్నట్టుండి సరైన సమాచారం పంపడం మానేసింది. పదేపదే రీబూట్ అవుతూ, రాత్రిళ్లు నిద్రపోకుండా బ్యాటరీ హరించుకుంటోంది. దాని ఫ్లాష్ మెమరీలో, ప్రయాణమప్పటి నుంచి పోగుపడినవాటితో కలిపి, ఫైళ్లు ఎక్కువైపోయాయి. వాటి పట్టికను పనిచేసే మెమరీలోకి తెచ్చుకోవాలి. దానికి కేటాయించిన చోటు చాలలేదు. చాలక రీబూట్ అవుతుంది, లేవగానే మళ్లీ అదే పట్టిక తెరవబోతుంది. పాత ఫైళ్లను తీసేసే ప్రోగ్రామును ఇంజనీర్లు అంతకు కొద్దిరోజుల ముందే రెండు భాగాలుగా పంపారు. రెండోది చేరలేదు. దాన్ని మళ్లీ పంపేలోపే ఇదంతా జరిగింది. చివరికి ఫ్లాష్‌ను ముట్టుకోకుండా లేవమని భూమి నుంచి ఆజ్ఞ పంపి, తర్వాత ఫైళ్లు తొలగించి, ఫ్లాష్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి రోవర్‌ను దారికి తెచ్చారు. అన్ని కోట్ల కిలోమీటర్ల అవతల యూఎస్‌బీ డ్రైవ్ తగిలించే మనిషి ఉండడు.

ప్రోగ్రాములు కూడా తమకు కావలసిన చోటును ముందే అడిగి పెట్టుకోవచ్చు. లైనక్స్‌లో 2007 నుంచి ఫాలొకేట్ అనే సిస్టమ్ కాల్ ఉంది. నాలుగు జీబీ ఫైలు దించుకోబోతున్న ప్రోగ్రాం మొదటే నాలుగు జీబీ అడగాలి. ఇవ్వగలిగితే ఫైల్ సిస్టమ్ ఇస్తుంది, లేకపోతే మొదటి నిమిషంలోనే కాదంటుంది. మూడున్నర జీబీ దిగాక కాదనిపించుకోవడం కన్నా ఇది ఎంత మేలో, నెమ్మది నెట్‌తో తంటాలు పడినవాళ్లకు చెప్పక్కర్లేదు. అలా ఇచ్చిన బ్లాకుల్లో ఇదివరకు ఇంకెవరిదో డేటా ఉండొచ్చు. అది కొత్త మనిషి కంటపడకూడదు కాబట్టి ఆ బ్లాకులకు 'ఇంకా రాయనివి' అని గుర్తు వేసి, ఎవరైనా చదివితే సున్నాలే చూపిస్తుంది. రాయకుండా చోటు పట్టి ఉంచగలగడం వల్ల నాలుగు జీబీ కేటాయింపు కూడా కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది.

విండోస్ వాడేవాళ్లకూ ఇది కొత్త కాదు. 2019 మేలో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో దాదాపు ఏడు జీబీని అప్‌డేట్ల కోసం విడిగా ఉంచుతోంది. మన ఫోన్లలో చివరి ఎంబీ దాకా ఆగకుండా ముందే 'స్టోరేజ్ ఫుల్' అని హెచ్చరిక రావడం వెనకా ఇదే ఆలోచన. ఆ హెచ్చరికను తోసేసి వీడియోలు దించుకునేవాళ్లు, యాప్‌లు అర్ధాంతరంగా మూసుకుపోతుంటే ఫోన్‌ను తిట్టుకోవడం న్యాయం కాదు.

మళ్లీ 46 జీబీ దగ్గరకు వస్తాను, ఎందుకంటే చాలామంది నన్ను అడిగేది దాన్ని తగ్గించుకోవచ్చా అని. నిస్సందేహంగా తగ్గించుకోవచ్చు. ఐదు శాతమన్నది చిన్న డిస్కుల నాటి అంకె. సినిమాలు, పెళ్లి వీడియోలు దాచుకునే నాలుగు టెరాబైట్ల డిస్కులో అది దాదాపు 190 జీబీ. అక్కడ రూట్‌కు పనేమీ లేదు, సిస్టమ్ లాగ్‌లు అక్కడ రాయడం లేదు. ఒక శాతం చాలు. ఒకసారి నింపి ఇక మార్చని బ్యాకప్ డిస్కయితే సున్నా చేసినా నష్టం లేదు. ట్యూన్‌టూఎఫ్‌ఎస్ అనే కమాండుతో, డిస్కు పనిచేస్తుండగానే క్షణంలో మార్చుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కును మాత్రం ముట్టుకోకండి. రోజూ రాతలూ తీసివేతలూ జరిగే డేటాబేస్ డిస్కులోనూ ఐదు శాతం ఉంచడమే కాదు, నన్నడిగితే పదిహేను శాతం ఖాళీ మిగిలినప్పుడే అలారం మోగేలా పెట్టమంటాను. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లు ఖాళీ డేటాసెట్ ఒకటి, అంటే లోపల విడిగా ఒక చిన్న ఫైల్ సిస్టమ్, పెట్టి దానికి కొన్ని జీబీలు రిజర్వు చేసి ఉంచాలి. ఆపద వచ్చినప్పుడు ఆ రిజర్వేషన్ ఎత్తేస్తే ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది.

సర్వర్లను క్లౌడ్‌లోనో, పెద్ద స్టోరేజ్ యంత్రాల మీదో నడిపేవాళ్లు ఇంకొకటి కనుక్కోవాలి. కింద ఉన్న స్టోరేజ్ తన దగ్గర నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ పంచిపెట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతో పది టెరాబైట్లు ఉన్నచోట ముప్పై టెరాబైట్లు ఉన్నట్టు చూపిస్తారు. ఆ పరిస్థితిలో పైనున్న ఫైల్ సిస్టమ్ ఎంత నిజాయితీగా లెక్క పెట్టుకున్నా లాభం లేదు, దానికి చెప్పిన అంకెలోనే నిజం లేదు. మీకు డిస్కు ఇస్తున్నవాళ్లను ఇది పూర్తిగా కేటాయించిందా, పంచిందా అని అడగండి. పంచిందైతే, కింది యంత్రంలో అసలు ఖాళీ ఎంతుందో మీకు కూడా రోజూ కనిపించే ఏర్పాటు చేయమనండి.